వినేవారి చోటు, వినిపించే తీరు

సాయంత్రం వేళ ఏ ఇంటి హాలును చూసినా దాదాపు ఒకే అమరిక కనిపిస్తుంది. టీవీకి ఎదురుగా ఉన్న సోఫా ఇంటి యజమానిది. కిటికీ పక్కన వేసిన దీవాన్ దాదీది. వంటింటి గుమ్మం దగ్గరి కుర్చీలో, ఒక చెవి పొయ్యి మీద, ఒక చెవి టీవీ మీద పెట్టి ఇల్లాలు కూర్చుంటుంది. వార్తలు మొదలైన రెండు నిమిషాలకు దాదీ అంటారు: "ఏమంటున్నాడో తెలియడం లేదు బేటా, కొంచెం పెంచు." రిమోట్ మీద అంకె 18 నుంచి 26కు చేరుతుంది. లోపలి గదిలో పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయి తలుపు మూసుకుంటుంది. సోఫాలో ఉన్నవారికి చెవులు గింగురుమంటాయి. ఇంతా చేస్తే దాదీకి శబ్దం పెరిగింది గానీ మాట మాత్రం అప్పటిలాగే అస్పష్టంగా ఉంటుంది. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేస్తారు. అందరి మధ్యా కూర్చుని, ఎవరితోనూ కలవకుండా, తస్బీహ్ తిప్పుకుంటూ ఉండిపోతారు.

ఈ స్థితికి మనం సాధారణంగా రెండు కారణాలు చెప్పుకుంటాం. ముసలితనం ఒకటి, టీవీ పాతబడడం రెండవది. మొదటిదానికి చేసేదేమీ లేదనుకుంటాం, రెండవదానికి దుకాణానికి వెళతాం. వేలు పోసి కొత్త సౌండ్‌బార్ తెచ్చి అదే గోడకు, అదే ఎత్తులో బిగిస్తాం. అసలు ప్రశ్న మాత్రం అడగం: వినేవారు ఎక్కడ కూర్చున్నారు? శబ్దం వారిని చేరేలోపు ఏమవుతున్నది?

చెవులు దిక్కును పట్టే విధం

మన రెండు చెవుల మధ్య దూరం సుమారు జానెడు. కుడివైపు నుంచి వచ్చిన శబ్దం కుడి చెవిని ముందుగా, ఎడమ చెవిని తర్వాతగా చేరుతుంది. ఈ తేడా అతి స్వల్పం. శబ్దం పూర్తిగా ఒక పక్క నుంచి వచ్చినప్పుడు కూడా అది సెకనులో వెయ్యవ వంతుకు లోబడి, సుమారు 0.6 మిల్లీసెకను ఉంటుంది. అయినా మెదడు దానిని గుర్తించి, పిలిచినవారు ఏ పక్క ఉన్నారో చెప్పగలుగుతుంది. సన్నని ధ్వనుల విషయంలో మరొక ఆధారం కూడా ఉంది. తల అడ్డుపడి దూరపు చెవిపై ఒక విధమైన నీడ పడుతుంది, అక్కడ శబ్దం తగ్గుతుంది. బొంగురు ధ్వనులకు కాలవ్యత్యాసం, సన్నని ధ్వనులకు తీవ్రతలో తేడా అనే ఈ రెండు మార్గాలను ఆంగ్ల శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లో వివరించారు.

వినేవారి చోటు ఎంత ముఖ్యమో హైదరాబాదు వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. గోల్కొండ కోట ప్రవేశద్వారపు గుమ్మటం కింద ఒక నిర్ణీత స్థానంలో నిలబడి చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరాన కొండ మీద ఉన్న బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. మాటలు చేరవేయడానికి కుతుబ్‌షాహీల కాలపు కట్టడం చేసిన ఏర్పాటు అది. ఆ స్థానం వదలి పక్కకు జరిగి చప్పట్లు కొట్టిన పర్యాటకులకు గైడు నవ్వుతూ మళ్లీ చోటు చూపిస్తాడు. మన హాలు గోల్కొండ కాదు గానీ, సూత్రం అక్కడా ఇక్కడా ఒకటే. గోడలు, కప్పు, దూరం, నిలబడిన స్థానం కలిసి ఏది వినిపించాలో నిర్ణయిస్తాయి.

ఒక్క కుర్చీ కోసం పుట్టిన స్టీరియో

రెండు స్పీకర్ల విధానానికి మూలపురుషుడు ఆంగ్ల ఇంజినీరు అలన్ బ్లమ్‌లీన్. ఆ రోజుల్లో సినిమా హాళ్లలో తెర వెనుక నుంచి ఒకే చోటి శబ్దం వచ్చేది. నటుడు తెరకు ఒక అంచున ఉన్నా అతని గొంతు మరొక చోటి నుంచి వినిపించడం బ్లమ్‌లీన్‌కు వెలితిగా తోచిందనీ, మనిషి ఎటు నడిస్తే గొంతు అటు నడిచేటట్లు చేస్తానని భార్యతో అన్నాడనీ చెబుతారు. 1931 డిసెంబరులో ఆయన పేటెంటు కోసం దరఖాస్తు చేశారు. 1942లో, రాడార్ పరికరాన్ని పరీక్షిస్తున్న విమానం కూలిపోయి, నలభై ఏళ్లయినా నిండకుండానే మరణించారు. స్టీరియో రికార్డులు మార్కెట్లోకి సమృద్ధిగా రావడం 1958 తర్వాతి మాట. అది చూడడానికి ఆయన లేరు.

స్టీరియోలో ఒక షరతు దాగి ఉన్నది. రెండు స్పీకర్లూ, వినేవారి తలా కలిసి సమబాహు త్రిభుజం కావాలి. స్పీకర్ల మధ్య 7 అడుగులుంటే ఒక్కొక్క స్పీకరుకూ, శ్రోతకూ మధ్య కూడా సుమారు 7 అడుగులుండాలి. అప్పుడే మధ్యలో ఏ పెట్టే లేని చోటి నుంచి గాయకుని గొంతు వస్తున్నట్లు అనిపిస్తుంది. రెండు చెవులకూ ఒకే క్షణంలో, ఒకే తీవ్రతతో శబ్దం అందడం వల్ల కలిగే భ్రమ అది. శ్రోత ఒక అడుగు పక్కకు జరిగితే ఆ గొంతు కూడా దగ్గరి స్పీకరు వైపు జరిగిపోతుంది. రెండు అడుగులు జరిగితే దూరపు స్పీకరు పనిచేయడం లేదేమోనన్న అనుమానం కలుగుతుంది. ఇంటికి వచ్చిన మెకానిక్కులు తీగలు విప్పి చూసి, ఏ లోపమూ కనబడక తల గోక్కునే సందర్భాలలో చాలావాటికి మూలం ఇదే.

ఎందుకిలా జరుగుతుందో 1949లో జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయంలో హెల్ముట్ హాస్ అనే పరిశోధకుడు తన సిద్ధాంత వ్యాసంలో నిరూపించాడు. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి, కొన్ని మిల్లీసెకన్ల తేడాతో వస్తే, ముందుగా చేరినదాని దిక్కునే మనస్సు నమ్ముతుంది. వెనుక వచ్చినది కొంత బిగ్గరగా ఉన్నా సరే, దానిని ముందుదానిలో కలిపేసుకుంటుంది. ఈ గుణం వల్లనే గోడలు తిప్పికొట్టే శబ్దాల మధ్య కూడా ఎదుటి మనిషి ఎక్కడున్నాడో మనకు తెలుస్తుంది. అదే గుణం సోఫా చివరన కూర్చున్నవారికి స్టీరియోను పాడుచేస్తుంది.

టేపు పట్టుకుని చేసే పని

సరిదిద్దడం కష్టమేమీ కాదు. దర్జీ టేపు ఒకటి చాలు. శబ్దం గాలిలో, మన గది ఉష్ణోగ్రతల దగ్గర, సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు, అడుగుకు కొంచెం ఎక్కువ. ఇంట్లో ఎక్కువగా వినేవారి కుర్చీ నుంచి ఎడమ స్పీకరు 4 అడుగుల దూరంలోనూ, కుడి స్పీకరు 9 అడుగుల దూరంలోనూ ఉన్నాయనుకుందాం. తేడా 5 అడుగులు, సుమారు ఒకటిన్నర మీటరు. అంత దూరం దాటడానికి శబ్దానికి దాదాపు 4.4 మిల్లీసెకన్లు పడుతుంది. కనుక దగ్గరగా ఉన్న ఎడమ స్పీకరును 4.4 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే రెండూ ఒకేసారి చేరతాయి.

హోమ్ థియేటర్ రిసీవరులో ఈ లెక్క మనం వేయనవసరం లేదు. సెట్టింగులలో ఒక్కొక్క స్పీకరుకు దూరం అడుగుతుంది. అడుగులలోనో మీటర్లలోనో కొలిచి ఇస్తే ఆలస్యాన్ని అదే చూసుకుంటుంది. దుకాణంవాడు బిగించి వెళ్లిన నాటి నుంచి ఆ అంకెలను ముట్టుకోని ఇళ్లు ఎన్నో. పెట్టెలో అన్ని స్పీకర్లకూ ఒకే దూరం నింపి ఉంటుంది, గదిలో ఏ రెండూ ఒకే దూరంలో ఉండవు.

మామూలు స్టీరియోకు, టీవీకి ఆలస్యం సర్దే వీలు ఉండకపోవచ్చు. బ్యాలెన్స్ మాత్రం చాలావాటికి ఉంటుంది. దూరపు స్పీకరు వైపు బ్యాలెన్స్‌ను కొద్దిగా తిప్పితే సగం ఉపశమనం లభిస్తుంది. పూర్తిగా కాదు. ఎందుకంటే బ్యాలెన్స్ తీవ్రతను మార్చగలదు, శబ్దం చేరే కాలాన్ని మార్చలేదు. ఆ లోటును పూరించడానికి ఒక పాత పద్ధతి ఉన్నది. రెండు స్పీకర్లనూ ఎదురుగా చూసేటట్లు కాక, లోపలికి బాగా తిప్పి పెట్టాలి. ఎడమ స్పీకరు ముఖం సోఫా కుడి చివరి వైపు, కుడి స్పీకరు ముఖం ఎడమ చివరి వైపు ఉండాలి. సన్నని ధ్వనులు స్పీకరు ముఖానికి ఎదురుగానే బలంగా ఉంటాయి, పక్కలకు పోయేకొద్దీ పలచబడతాయి. కాబట్టి ఎడమ చివర కూర్చున్నవారికి దగ్గరి స్పీకరు పక్కచూపులు చూస్తుంది, దూరపు స్పీకరు నేరుగా చూస్తుంది. కాలంలో వెనుకబడినది తీవ్రతలో ముందుంటుంది. ముగ్గురు కూర్చునే సోఫాకు నాకు తెలిసిన చవకైన వైద్యం ఇదే.

కొన్ని రిసీవర్లతో చిన్న మైక్రోఫోను కూడా వస్తుంది. దానిని వినేవారి స్థానంలో పెడితే యంత్రమే ఒక్కొక్క స్పీకరు నుంచి చిత్రమైన కూతలు పంపి దూరాన్ని, తీవ్రతను కొలుచుకుంటుంది. ఆ మైకును సోఫా దిండు మీద పడేసి కొలవడం వృథా. కూర్చున్న మనిషి చెవి ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో, స్టాండు మీదనో, పుస్తకాల దొంతర మీదనో నిలపాలి. ఆ కొద్ది నిమిషాలు ఫ్యాను ఆపాలి, కుక్కరు దించాలి, పిల్లలను బయటకు పంపాలి. ఒక్క మాట మరువకూడదు. ఒక కుర్చీకి అతికినట్లు సరిచేసిన ధ్వని పక్క కుర్చీకి అంత చక్కగా ఉండదు. అందువల్ల ఎవరి కోసం సరిచేస్తున్నామన్నది యంత్రం తేల్చే విషయం కాదు, ఇంటివారు తేల్చుకోవలసినది. సోఫాలో కూర్చునే యువకునికి ఎలా అమర్చినా వినిపిస్తుంది. దీవాన్ మీది పెద్దామెకు అలా కాదు.

గోడలు, గచ్చు, గలీబులు

ఈ మధ్య కట్టిన మన ఇళ్లలో నేల గ్రానైటు, గోడలు నున్నటి పుట్టీ, ఒక పక్క గాజు తలుపులు. కంటికి ఇంపుగా ఉంటాయి గానీ చెవికి కావు. హాలు మధ్య నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. వెనువెంటనే గరగరమనే తోక ఒకటి వినిపిస్తే, టీవీలోని ప్రతి అక్షరం వెనుక కూడా ఆ తోక ఉన్నట్లే. ఒక మాట ముగియకముందే దాని నీడ తర్వాతి మాటపై పడుతుంది. శబ్దం పెంచితే నీడ కూడా అంతే పెరుగుతుంది. అందుకే రిమోట్ అంకె 26 దాటినా మాట తేటపడదు.

ఈ విషయాన్ని మొట్టమొదట కొలతలతో తేల్చినవారు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు యువ ఆచార్యుడు వాలెస్ సాబిన్. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో ఎవరు ఏం మాట్లాడినా అర్థమయ్యేది కాదు. పలికిన మాట సుమారు ఐదున్నర సెకన్ల పాటు అక్కడే తిరుగాడేది. ఆ లోపు వక్త మరి పది పదిహేను మాటలు పలికేవాడు. సాబిన్ తన సహాయకులతో రాత్రిపూట దగ్గరలోని సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఒక్కొక్క వరుస పరుస్తూ, ఆర్గన్ గొట్టం మోగించి, అది ఎంతసేపటికి అణగిపోతుందో గడియారంతో కొలిచారు. ట్రాముల చప్పుడు ఉండని రాత్రివేళలోనే ఆ పని సాధ్యమయ్యేది. తెల్లవారేసరికి మెత్తలన్నీ తిరిగి థియేటరుకు చేర్చాలి. గది పరిమాణం, అందులోని మెత్తని వస్తువుల విస్తీర్ణం తెలిస్తే శబ్దం ఎంతసేపు నిలుస్తుందో చెప్పగల సూత్రం ఆ శ్రమ నుంచి పుట్టింది. ప్రపంచంలోని సభామందిరాలను ఇప్పటికీ ఆ సూత్రంతోనే లెక్కగడుతున్నారు.

మన ఇంటికి కావలసిన మెత్తలు మన ఇంట్లోనే ఉన్నాయి. సోఫాకూ టీవీకీ మధ్య గలీబు పరచండి. గాజు తలుపుకు పలుచని లేసు బదులు మడతలు నిండుగా పడే మందపాటి పరదా వేయండి. సోఫా వెనుక ఖాళీ గోడ ఉంటే అక్కడికి పుస్తకాల బీరువా మార్చండి, ఎత్తుపల్లాలుగా ఉన్న పుస్తకాలు శబ్దాన్ని చెదరగొడతాయి. పెట్టెలో మడిచి దాచిన పాత రజాయిని ఒక వారంపాటు పక్కగోడకు వేలాడదీసి తేడా వినండి. నచ్చితే దాని స్థానంలో కంటికి ఇంపైనది ఏర్పాటు చేసుకోవచ్చు. ఏ పక్కగోడ ఎక్కువ హాని చేస్తున్నదో తెలుసుకోవడానికి అద్దం పట్టుకుని ఒకరిని గోడ వెంబడి నడిపించాలి. కుర్చీలో కూర్చున్నవారికి అద్దంలో స్పీకరు కనిపించిన చోటే శబ్దం తగిలి తిరిగివచ్చే చోటు. మెత్తదనం కావలసింది అక్కడే.

ఇదే సందర్భంలో మరొక అలవాటును గురించి చెప్పాలి. దుమ్ము పడకుండా స్పీకర్ల మీద, సౌండ్‌బార్ మీద కుట్టుపని చేసిన మందపాటి గుడ్డ కప్పి, అలాగే వినే ఇళ్లు ఉన్నాయి. గోడ మీద ఉండవలసిన మెత్తదనం అప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టినట్లవుతుంది. టీవీల పరిస్థితి ఇంకొక తీరు. పలుచని టీవీలలో చాలావాటికి స్పీకర్లు అడుగున, నేలను చూస్తూనో, వెనుక గోడను చూస్తూనో ఉంటాయి. అలాంటి టీవీని మెత్తని అల్లికగుడ్డ పరచిన బల్ల మీద పెడితే సన్నని ధ్వనులు ఆ గుడ్డలోనే ఇంకిపోతాయి. గుడ్డ తీసేస్తే చాలు. ఇక పైకప్పుకు దగ్గరగా, షోకేసు మీద టీవీ బిగించే పద్ధతి మెడకూ మంచిది కాదు, చెవికీ మంచిది కాదు. కూర్చున్న మనిషి చెవి నేల నుంచి సుమారు మూడు అడుగుల ఎత్తులో ఉంటుంది. స్పీకరు ముఖం ఆ ఎత్తుకు దగ్గరగా ఉండాలి. గోడ నుంచి దించడం కుదరకపోతే ముందుకు వంచే బ్రాకెట్టు వాడవచ్చు.

బొంగురు ధ్వనుల సంగతి వేరు. వాటి అలలు పొడవైనవి. 50 హెర్ట్జ్ ధ్వని అల పొడవు దాదాపు 7 మీటర్లు. పదకొండు అడుగులకు కొంచెం మించిన వెడల్పుగల హాలులో ఆ అల సగం సరిగ్గా ఇమిడి, గోడల మధ్య నిలిచిపోతుంది. గోడను ఆనుకుని కూర్చున్నవారికి అది గుండెల మీద బాదినట్లుంటుంది. గది నడిమధ్య కూర్చున్నవారికి దాదాపు లేనట్లే ఉంటుంది. ఒకే ఇంట్లో ఒకరు "దడదడ ఎక్కువైంది" అనీ, మరొకరు "అసలు దమ్ము లేదు" అనీ వాదులాడుకుంటే ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. స్పీకరును మూలకు నెట్టినకొద్దీ గోడలు తోడై ఈ ధ్వని ఇంకా ఉబ్బుతుంది. మూల నుంచి ఒకటి రెండు అడుగులు ఇవతలికి లాగితే మాట తేటపడుతుంది.

సబ్‌ఊఫర్ ఉన్నవారికి ఒక ఉపాయం. దానిని తాత్కాలికంగా శ్రోత కూర్చునే కుర్చీ మీద పెట్టి ఏదైనా మోగించండి. తర్వాత గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ వినండి. ఎక్కడ ధ్వని ఉబ్బకుండా, సన్నగిల్లకుండా సమంగా వినిపిస్తుందో అక్కడే సబ్‌ఊఫర్‌కు తగిన చోటు. రెండింటి స్థానాలూ తారుమారు చేసినా ఆ దారిలో ధ్వని తీరు మారదన్న సూత్రం దీనికి ఆధారం. ఇంటి పెద్ద పాకడం చూసి పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

పెద్దల చెవి

వయస్సుతో వచ్చే వినికిడి లోపంలో అన్ని ధ్వనులూ సమానంగా తగ్గవు. ముందుగా సన్నని ధ్వనులు పోతాయి. అచ్చులు బొంగురుగా, బలంగా ఉంటాయి గనుక అవి వినిపిస్తూనే ఉంటాయి. హల్లులలో స, శ, త, క, ఫ వంటివి సన్నగా, బలహీనంగా ఉంటాయి, అవి జారిపోతాయి. "శబ్దం వినబడుతున్నది, మాట తెలియడం లేదు" అని పెద్దలు చెప్పే ఫిర్యాదు అక్షరాలా సరైనది. దానికి జవాబుగా శబ్దాన్ని పెంచితే అప్పటికే వినిపిస్తున్న బొంగురు ధ్వనులే ఇంకా పెరిగి, సన్నవాటిని కప్పేస్తాయి. బాస్ తగ్గించి, ట్రెబుల్ కొంచెం పెంచడం మొదటి మెట్టు. చాలా టీవీలలో మాటను స్పష్టం చేసే సెట్టింగు ఒకటి వేరుగా ఉంటుంది. ఐదు స్పీకర్ల అమరికలో సంభాషణ ఎక్కువగా మధ్య స్పీకరు నుంచే వస్తుంది గనుక దానిని మాత్రం రెండు మూడు డెసిబెల్స్ పెంచవచ్చు.

అయితే వీటన్నిటి కంటే ఎక్కువ మేలు చేసేది దూరాన్ని తగ్గించడం. దూరం సగమైనప్పుడల్లా స్పీకరు నుంచి నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 12 అడుగుల దూరంలో ఉన్న స్పీకరును 3 అడుగుల దూరానికి తెస్తే 12 డెసిబెల్స్ లాభం. గోడల నుంచి తిరిగివచ్చే శబ్దం మాత్రం అలాగే ఉంటుంది. నీడ పెరగకుండా మాట ఒక్కటే పెరగడమంటే ఇదే. రిమోట్ ఎంత నొక్కినా ఈ ఫలితం రాదు. కనుక దాదీ దీవాన్ పక్కన, చిన్న బల్ల మీద, ఆమె చెవి ఎత్తున ఒక చిన్న స్పీకరు అమర్చి, టీవీ నుంచి తీగ లాగితే ఇంటి మొత్తానికీ శబ్దం తగ్గించవచ్చు. ఆమెకు ఒక చెవి మెరుగ్గా పనిచేస్తుంటే ఆ పక్కనే పెట్టాలి. తీగ గలీబు కింద కాక గోడ అంచు వెంబడి పోవాలి, కాలికి తగలకూడదు.

తీగ వద్దని బ్లూటూత్ స్పీకరు కొనేవారు ఒక చిక్కును గమనించాలి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది, సెకనులో పదవ వంతుకు మించి కూడా ఆలస్యం కావచ్చు. పెదవి ముందు కదిలి మాట తర్వాత వస్తుంది. చెవి మందగించినవారు తమకు తెలియకుండానే పెదవుల కదలికను చదువుతుంటారు, వారికి ఈ తేడా మరింత ఇబ్బంది. పైగా టీవీ స్పీకరు కూడా మోగుతుంటే ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. కొన్ని టీవీలలో ఆలస్యం సర్దే వీలు ఉంటుంది. లేకపోతే తీగే మేలు.

ఇవన్నీ చేసినా ఎదుటి మనిషి మామూలు మాట అందకపోతే చెవి వైద్యునికి చూపించాలి. కొన్నిసార్లు గుబిలి గడ్డకట్టడమే కారణం కావచ్చు. వినికిడి యంత్రం అవసరమని తేలితే ఆలస్యం చేయకూడదు. గదిని సర్దుకోవడం చికిత్సకు బదులు కాదు.

పారాయణం వినే వేళ

మన ఇళ్లలో ఉదయం వేళ వినే ఖుర్ఆన్ పారాయణం విషయంలో ఈ సర్దుబాట్లకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. సీన్, సాద్ అక్షరాల మధ్య, చిన్న హా, పెద్ద హా మధ్య, తా, త్వా మధ్య భేదం చెవికి తెలియాలి. గది గరగరలాడుతుంటే తజ్వీద్ నేర్చుకుంటున్న పిల్లలు భేదం వినకుండానే అనుకరిస్తారు. విననిదానిని నాలుక ఎలా పలుకుతుంది?

ఇక్కడ ఒక సాంకేతిక విశేషం. ఈజిప్టుకు చెందిన షేఖ్ మహ్మూద్ ఖలీల్ అల్ హుసరీ 1961లో సంపూర్ణ ఖుర్ఆన్‌ను ముర్తల్ శైలిలో రికార్డు చేశారు. కైరోలో ఖుర్ఆన్ కోసమే ప్రత్యేక రేడియో కేంద్రం 1964లో మొదలైంది. ఆ కాలపు పారాయణాలు ఒకే ధారగా రికార్డయినవి, వాటిలో ఎడమ కుడి అనే భేదం లేదు. అలాంటి ధ్వనిని రెండు స్పీకర్ల నుంచి వింటూ మధ్యకు కాక పక్కకు కూర్చుంటే, ఒకే ధ్వని కొంచెం ముందూ వెనుకగా రెండుసార్లు చెవిని చేరి, కొన్ని పౌనఃపున్యాల దగ్గర ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది. గొంతు ఏదో డొల్లగా, గొట్టంలో నుంచి వచ్చినట్లు తోస్తుంది. బ్యాలెన్స్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి, దగ్గరగా ఉన్న ఒక్క స్పీకరునే మోగనివ్వండి. ఖర్చు లేకుండా గొంతు నిండుగా తిరిగివస్తుంది. పాత కాలపు ఒంటి స్పీకరు టేపు రికార్డరులో పారాయణం బాగుండేదని పెద్దలు అంటే అది కేవలం పాత జ్ఞాపకాల మీది మమకారం అనుకోనక్కరలేదు.

ఫోనులో వినేవారు స్పీకరు రంధ్రాలు ఉన్న అడుగు అంచును తమ వైపు తిప్పి, చేతికందే దూరంలో నిలబెట్టాలి. ఫోనును స్టీలు గ్లాసులో వేస్తే శబ్దం పెరిగినట్లు అనిపించే మాట నిజమే. కానీ గ్లాసు తన సొంత మోతను కూడా కలుపుతుంది, అక్షరం మసకబారుతుంది. వంట చేస్తూ వినడానికి పనికొస్తుందేమో గానీ పాఠం నేర్చుకోవడానికి కాదు.

ఎంత వరకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి ప్రకారం పెద్దలు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ దాకా, పిల్లలు అంతే సమయం 75 డెసిబెల్స్ దాకా వినవచ్చు. తీవ్రత 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సురక్షితమైన సమయం సగానికి పడిపోతుంది. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు. ఫోనులోని ఉచిత యాప్‌తో సుమారుగా కొలుచుకోవచ్చు, అయితే కొలిచేది స్పీకరు దగ్గర కాదు, చెవి దగ్గర.

అపార్టుమెంట్లలో మరొకరి చెవిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పొరుగువారి హక్కు గురించి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పవలసింది లేదు, దానిని స్పీకరు విషయంలో ఎలా పాటించాలన్నదే చెప్పవలసినది. సన్నని ధ్వనులు గోడకు తగిలి ఆగుతాయి, బొంగురు ధ్వనులు గోడను దాటుతాయి. మనకు ఖిరాఅత్‌గా, వార్తలుగా వినిపించేది అవతలి గదిలోని పసిబిడ్డ తల్లికి దడదడగా మాత్రమే వినిపిస్తుంది. ఉమ్మడి గోడకు స్పీకరును బిగించకండి. సబ్‌ఊఫర్‌ను నేల మీద నేరుగా కాక మందపాటి రబ్బరు ముక్కల మీద నిలపండి. రాత్రివేళ టీవీలోని నైట్ మోడ్ వాడితే బిగ్గర శబ్దాలు తగ్గి, మెల్లని మాటలు పెరుగుతాయి. శబ్దం పెంచకుండానే మాట తెలుస్తుంది.

చివరగా, పండుగల నాటి సంగతి. ఈద్ రోజున హాలులో పదిహేను ఇరవై మంది చేరితే, ఖాళీ గదిలో సరిచేసుకున్న ధ్వని మందకొడిగా తోస్తుంది. మనుషులూ, వారి బట్టలూ సన్నని ధ్వనులను పీల్చుకుంటాయి. ఆ రోజుకు ట్రెబుల్ రెండు గీతలు పెంచుకోండి. రెండు మూడు అమరికలను గుర్తుంచుకునే రిసీవరు ఉంటే ఒకటి మామూలు రోజులకు, ఒకటి అతిథులకు, ఒకటి రాత్రికి భద్రపరచుకోవచ్చు. అటువంటి సౌకర్యం లేనివారు అంకెలను చిన్న కాగితం మీద రాసి రిమోట్ వెనుక అంటించుకుంటే సరిపోతుంది. దీవాన్ చోటు మార్చిన రోజున మాత్రం టేపు మళ్లీ బయటకు తీయాలి.